గొరిల్లాల దారి కాదు.. పాలరాపు గుట్ట దారి!

రువాండాలో కొండ గొరిల్లాలను గంటసేపు చూడాలంటే పర్మిట్‌కే 1,500 డాలర్లు. అంటే లక్షా పాతిక వేలకు పైనే! గుంపుకు 8 మందినే పంపుతారు. బ్యాగులు మోసే పోర్టర్లు చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. పార్కుల పర్యాటక ఆదాయంలో 10 శాతం ఆ ఊళ్లకే పోతుంది.

అంత దూరం ఎక్కడ పోతాం అంటారా? కాగజ్‌నగర్‌లో రైలు దిగండి. పెంచికల్‌పేట అడవిలో పాలరాపు గుట్ట ఉంది. 2013లో ఆ కొండ చరియల మీద రాబందుల గూళ్లు బయటపడ్డాయి. ఒక్కో జంట ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డే. పశువులకు వాడిన డైక్లోఫెనాక్, కళేబరాల ద్వారా దేశమంతా వీటిని చంపేసింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. తడోబా పులులు కవ్వాల్ వైపు వచ్చేదీ ఈ అడవుల మీదుగానే.

చూడటానికి వచ్చేవాళ్లకు దారి చూపేవాళ్లు కావాలి కదా! పులి అడుగు గుర్తుపట్టే మనిషి ఊళ్లోనే ఉంటాడు, అతనికి ఇంగ్లిష్ రాదు. మీకు ఇంగ్లిష్ వచ్చు, అడుగు తెలియదు. ముందు అతని దగ్గర నేర్చుకోండి. చదువంటారా, సిద్దిపేట జిల్లా ములుగు అటవీ కళాశాలలో బీఎస్సీ ఫారెస్ట్రీ, డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమ్మెస్సీ ఉన్నాయి. అడవిలోకి మాత్రం అటవీశాఖ అనుమతితోనే వెళ్లాలి సుమా!