లగ్గం ఖాయమైంది, ఇక హాలు

వరపూజ అయిన మర్నాడే ఇంట్లో మొదలయ్యే మాట "హాలు చూశారా?" అని. చెల్లెళ్లూ, తొందరపడి బయానా ఇవ్వకండి. ముందు రెండు వైపులా పిలవాల్సిన వాళ్ల లెక్క కాగితం మీద రాయండి. నాలుగు వందల మందికి వెయ్యి మంది పట్టే హాలెందుకు?

మన నిజామాబాద్, బోధన్ వైపు చెరకు, పసుపు డబ్బులు చేతికొచ్చే రోజుల్లోనే మాఘ, ఫాల్గుణ ముహూర్తాలు వస్తాయి. అందరూ ఒక్కసారే హాళ్ల మీద పడితే అద్దె పెరగదూ? శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ జీతం మీద భరోసాతో పెళ్లిళ్లు చేసిన ఇళ్లెన్నో. 2015లో అది మూతపడింది, ఖర్చులు మాత్రం తగ్గలేదు. అందుకే ఆదివారం కాక వారం మధ్యలో ముహూర్తం ఉందేమో అయ్యగారిని అడగండి.

మా ఇంటి పెళ్లికి హాలు అద్దె తక్కువే అన్నారు. తీరా కరెంటు, జనరేటరు, వంటపాత్రలు, ఊడ్చిన కూలి అన్నీ విడివిడిగా కట్టాం. అన్నయ్య అప్పు చేయాల్సి వచ్చింది. మీరు అన్నీ కలిపి ఎంతో, తేదీ మారితే బయానా ఎంత తిరిగిస్తారో రశీదు మీద రాయించుకోండి.

కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ సాయం 2018లో రూ.1,00,116 అయింది. పెళ్లికూతురికి 18 ఏళ్లు నిండి ఉండాలి. చాలా ఇళ్లలో ఆ చెక్కు పెళ్లయ్యాకే వచ్చింది. దాన్ని నమ్మి పెద్ద హాలు మాట్లాడుకోకండి.

గుడి మండపమైనా, ఇంటి ముందు పందిరైనా లగ్గం లగ్గమే. "ఎంత పెట్టగలం నాన్నా?" అని మీరే అడగండి. అందులో సిగ్గేమీ లేదు.