సేద్యపు ఖర్చు లెక్కలలోని మాటలు

పంట అమ్మగా చేతికి వచ్చిన సొమ్మంతయు లాభము కాదు, అది రాబడి. రాబడిలోనుండి ఖర్చు తీసివేయగా మిగిలినదే లాభము. ఖర్చును వ్యవసాయ వ్యయ ధరల కమిషనువారు ముఖ్యముగా మూడు విధములుగా లెక్కింతురు.

1. ఏ-2: విత్తనములు, ఎరువులు, కూలి, భూమిశిస్తు, ఇతరులకిచ్చిన కౌలు, పెట్టుబడి వడ్డీ, తరుగుదల. పనిముట్లు ఏటేట అరిగి విలువ తగ్గుటయే తరుగుదల.

2. ఏ-2 ఎఫ్.ఎల్.: పై ఖర్చునకు ఇంటివారి కష్టమునకు కట్టిన కూలి చేర్చినది.

3. సి-2: దీనికి సొంత భూమికి రాదగిన కౌలు, సొంత మూలధనముపై వడ్డీ చేర్చినది.

ఉదాహరణమునకు, ఒక ఎకరము వరిపై రాబడి రూ. 50,000 అనుకొందము. ఏ-2 ఖర్చు రూ. 28,000, ఇంటివారి కష్టము రూ. 6,000; సొంత భూమి కౌలు, మూలధన వడ్డీ కలిసి రూ. 12,000. మొదటి లెక్కన లాభము రూ. 22,000, రెండవ లెక్కన రూ. 16,000, మూడవ లెక్కన రూ. 4,000 మాత్రమే. పంట ఒక్కటే, లాభములు మూడు.

2018-19 మొదలుకొని కేంద్ర ప్రభుత్వము కనీస మద్దతు ధరను రెండవ ఖర్చునకు ఒకటిన్నర రెట్లకు తగ్గకుండ నిర్ణయించుచున్నది. మూడవ ఖర్చుపై నిర్ణయింపవలెనని రైతు సంఘములు కోరుచున్నవి. వివాదమంతయు సొంత భూమి కౌలు, మూలధన వడ్డీలపైననే యున్నది.

కావున భూమిగల రైతులు ఇంటివారు పనిచేసిన దినములను, ఊరిలోని కౌలు ధరను పుస్తకములో వ్రాసికొనవలెను. వ్రాయని ఖర్చు లాభమువలె కనబడును. దానిని నమ్మి అప్పుచేసినవారు నష్టపోవుదురు.