సేవ్ నొక్కితే జూన్ లెక్కలు పోయాయి: జావాలో ఫైల్ డైలాగ్‌ని మార్చుకోవడం ఎలా?

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న విండో గురించి మాట్లాడుకుందాం. కంప్యూటర్‌లో ఓపెన్ అనో, సేవ్ యాజ్ అనో నొక్కితే ఫోల్డర్లు చూపిస్తూ ఒక పెట్టె వస్తుంది కదా, అదే ఫైల్ డైలాగ్. ఫోన్‌లో వాట్సాప్‌లో డాక్యుమెంట్ పంపేటప్పుడు ఫైల్ ఎంచుకోమని వచ్చే స్క్రీన్ ఉంది చూశారా, దానికి అన్నయ్య అనుకోండి. ఇందులో నేర్చుకోవడానికి ఏముంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, ఒక షాపు లెక్కలు పోయేదాకా.

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ఒక ఎరువుల షాపుకి జావా స్వింగ్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాను. ఏ రైతుకి ఎంత అరువు ఇచ్చారో నెలకో ఫైల్‌గా సేవ్ చేసుకోవాలి. జూలైలో అక్కడి గుమాస్తా బాబాయ్ ఫోన్ చేశారు. "బాబూ, జూన్ ఖాతా తెరిస్తే జూలై లెక్కలొస్తున్నాయి. జూన్‌వి ఏమైనట్టు?"

వెళ్లి చూస్తే, జూలై లెక్కలు జూన్ ఫైల్ మీదే సేవ్ అయిపోయాయి. జూన్ అంటే విత్తనాలేసే టైమ్, అరువులన్నీ అప్పుడే. మూడు రోజులు కార్బన్ కాపీ బిల్లులు ముందేసుకుని మళ్లీ ఎక్కించాం. "పాతది ఉంటే అడుగుతుంది కదా బాబూ?" అన్నారాయన. ఆయన అన్నది కరెక్టే. నా ప్రోగ్రామే అడగలేదు.

ఎందుకు అడగలేదు? స్వింగ్‌లో ఈ డైలాగ్ పేరు జేఫైల్‌చూజర్. 1998లో జావా 1.2తో వచ్చింది. ఇది విండోస్ ఇచ్చే డైలాగ్ కాదు, స్వింగ్ సొంతంగా గీసుకునే విండో. పైగా ఇది ఫైల్‌ని సేవ్ చేయదు! యూజర్ ఏ పేరు ఎంచుకున్నాడో చెప్పి ఊరుకుంటుంది. డిస్క్ మీద రాసేది మన కోడ్. డాట్‌నెట్, క్యూట్ లాంటి వాటిలో సేవ్ డైలాగ్ "పాత ఫైల్ ఉంది, తీసేయనా?" అని మామూలుగానే అడుగుతుంది. జేఫైల్‌చూజర్‌లో ఆ ప్రశ్న మనమే పెట్టాలి.

తేలికవి ముందు చెప్పేస్తా. టైటిల్ మార్చాలంటే సెట్‌డైలాగ్‌టైటిల్. ఏ ఫోల్డర్‌లో తెరుచుకోవాలో చెప్పాలంటే సెట్‌కరెంట్‌డైరెక్టరీ. సీఎస్‌వీ ఫైళ్లే కనపడాలంటే ఫైల్‌నేమ్ఎక్స్‌టెన్షన్‌ఫిల్టర్. ఫిల్టర్ మీరే సొంతంగా రాస్తే మాత్రం ఫోల్డర్లకి కూడా ట్రూ ఇవ్వండి. లేకపోతే ఫోల్డర్లు కూడా మాయమైపోతాయి, యూజర్ అక్కడే ఇరుక్కుపోతాడు.

ఇప్పుడు అసలు పని. యూజర్ సేవ్ నొక్కగానే లోపల అప్రూవ్‌సెలెక్షన్ అనే మెథడ్ నడుస్తుంది. జేఫైల్‌చూజర్‌కి ఒక సబ్‌క్లాస్ రాసి ఆ మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేయాలి. ఆ పేరుతో ఫైల్ ఉందా? ఉంటే అడుగు. అవునంటే సూపర్‌లోని అప్రూవ్‌సెలెక్షన్‌ని పిలువు, డైలాగ్ మూసుకుంటుంది. వద్దంటే ఊరికే రిటర్న్ అయిపో. డైలాగ్ అలాగే ఉంటుంది, ఆయన ఇంకో పేరు కొట్టుకోవచ్చు.

ఇదంతా రాసి ఇంట్లో టెస్ట్ చేశా. లిస్టులో జూన్ ఫైల్ మీద క్లిక్ చేసి సేవ్ నొక్కితే అడిగింది. హమ్మయ్య అనుకున్నా. తర్వాత చేత్తో జూన్ అని టైప్ చేసి నొక్కా. అడగలేదు, పాతది మళ్లీ పోయింది!

ఏం జరిగిందంటే, ఫిల్టర్ పెట్టినంత మాత్రాన పేరు చివర డాట్ సీఎస్‌వీ దానంతట అది చేరదు. కోడ్ ఉత్త జూన్ అనే పేరుతో వెతికింది, అలాంటి ఫైల్ లేదు. ఆ తర్వాత సేవ్ చేసే చోట నేను డాట్ సీఎస్‌వీ తగిలించాను. అంటే చెక్ చేసింది ఒక పేరు, రాసింది ఇంకో పేరు మీద. అందుకే ఆర్డర్ ముఖ్యం. అప్రూవ్‌సెలెక్షన్‌లో ముందు ఎక్స్‌టెన్షన్ చేర్చండి, ఆ పూర్తి పేరుని సెట్‌సెలెక్టెడ్‌ఫైల్‌తో డైలాగ్‌కి ఇవ్వండి, అప్పుడు ఫైల్ ఉందా అని చూడండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఒకటి, ఓపెన్ చేసేటప్పుడు కూడా ఇదే మెథడ్ నడుస్తుంది. అందుకని డైలాగ్ టైప్ సేవ్ అయితేనే అడగాలి. రెండు, బాబాయ్ లాంటివాళ్లకి ఏ పెట్టె వచ్చినా ఎంటర్ కొట్టేయడం అలవాటు. మామూలు కన్ఫర్మ్ పెట్టెలో ఎంటర్ కొడితే అవునన్నట్టే. నేను జేఆప్షన్‌పేన్‌లోని షోఆప్షన్‌డైలాగ్ వాడి, మొదట సెలెక్ట్ అయి ఉండే బటన్‌గా "వద్దు" పెట్టాను.

మొత్తం కలిపితే ఓ ఇరవై లైన్ల కోడ్. ఆ ఇరవై లైన్లు లేకే మూడు రోజులు బిల్లులు ఎక్కించాం. మీరు రాసిన ప్రోగ్రామ్ ఏదైనా ఉంటే ఇవాళే ఒక్కసారి పాత ఫైల్ పేరుని ఎక్స్‌టెన్షన్ లేకుండా టైప్ చేసి సేవ్ నొక్కి చూడండి. కాపీ తీసి పెట్టుకున్నాకే సుమా! అడిగిందా లేదా కామెంట్‌లో చెప్పండి.