ఉప్పు, నేల, గింజ: నంద్యాల – ఆళ్లగడ్డ ప్రాంతంలో సూక్ష్మ ఖనిజాలు, మానవ ఆరోగ్యం

మానవ శరీరానికి పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు గ్రాములలో కావాలి. ఇనుము, జింకు, రాగి, మాంగనీసు వంటి ఖనిజాలు మిల్లీగ్రాములలోను, అయోడిన్, సెలీనియం వంటివి మైక్రోగ్రాములలోను కావాలి. పరిమాణం స్వల్పమే అయినా వీటి లోపం వలన కలిగే నష్టం స్వల్పమైనది కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 49 సంవత్సరాల వయస్సు గల స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. 2016–18లో నిర్వహించిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో ఐదేళ్లలోపు పిల్లలలో 19 శాతం మందికి, కౌమార వయస్కులలో 32 శాతం మందికి జింకు లోపం ఉన్నట్లు తేలింది.

ఈ అంకెల గురించిన ఆందోళనతో పాటు వ్యాపారం కూడా పెరిగినది. నంద్యాల, ఆళ్లగడ్డ పరిసర గ్రామాలలో జరిగే రైతు సదస్సులలో వరి తెగుళ్ల గురించి ఎంత అడుగుతున్నారో, గులాబీ రంగు ఉప్పు గురించి, ఖనిజాల మాత్రల గురించి కూడా అంతే అడుగుతున్నారు. ముఖ్యంగా మహిళా రైతులు అడిగే ప్రశ్న ఒక్కటే: “ఇంత ధర పెట్టి కొనవలసినదేనా?” దీనికి సమాధానం చెప్పాలంటే మూడు విషయాలు తెలియాలి. శరీరానికి రోజుకు ఎంత కావాలి? ఆ పదార్థం ఎంత ఇస్తుంది? ఇచ్చిన దానిలో శరీరం ఎంత గ్రహిస్తుంది?

ఉప్పు చేయగల పని, చేయలేని పని

ఉప్పు అన్ని ఖనిజాలకు వాహకం కాదు. మన దేశంలో అది ప్రధానంగా ఒక ఖనిజానికి, అంటే అయోడిన్‌కు వాహకంగా ఎంపికైనది. ఈ ఎంపిక వెనుక ఒక తెలుగు శాస్త్రజ్ఞుని కృషి కలదు. శ్రీకాకుళంలో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాచల్ ప్రాంతపు కాంగ్డా లోయలో ఒక అధ్యయనం ప్రారంభించారు. లోయను మండలాలుగా విభజించి, కొన్నింటిలో అయోడిన్ కలిపిన ఉప్పును, ఒకదానిలో మామూలు ఉప్పును సరఫరా చేశారు. కొన్ని సంవత్సరాలలోనే అయోడిన్ ఉప్పు వాడిన మండలాలలో గొంతువాపు గణనీయంగా తగ్గింది. మామూలు ఉప్పు వాడిన మండలంలో తగ్గలేదు. 1962లో మొదలైన జాతీయ గొంతువాపు నియంత్రణ కార్యక్రమానికి ఈ అనుభవం శాస్త్రీయ పునాది అయినది. అయోడిన్ లోపం గొంతువాపుతో ఆగదు. గర్భస్థ శిశువు మెదడు పెరుగుదలను కూడా దెబ్బతీస్తుంది. అందువలననే 1992లో ఈ కార్యక్రమం పేరును అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ కార్యక్రమంగా మార్చారు.

పెద్దవారికి రోజుకు సుమారు 150 మైక్రోగ్రాముల అయోడిన్ అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన గరిష్ఠ పరిమితి రోజుకు 5 గ్రాముల ఉప్పు. కిలోకు 30 మిల్లీగ్రాముల అయోడిన్ గల ఉప్పు 5 గ్రాములు తింటే సరిగ్గా 150 మైక్రోగ్రాములు అందుతుంది. అదే ఉప్పులో అయోడిన్ 15 మిల్లీగ్రాములకు పడిపోతే అందేది సగమే. ఉప్పును మూత లేని జాడీలో, పొయ్యి ప్రక్కన, తేమ తగిలేటట్లు ఉంచితే జరిగే నష్టం ఇదే. అయోడిన్ చేర్చని రాళ్ల ఉప్పు వాడే ఇండ్లలో ఆ సగం కూడా అందదు.

ఇక గులాబీ రంగు ఉప్పు విషయం. దానికి ఆ రంగు రావడానికి ఇనుప ధాతువుల ఆనవాళ్లు కారణం. వాదన కోసం కిలో ఉప్పులో 100 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నదనుకుందాం. 5 గ్రాములలో ఉండేది అర మిల్లీగ్రాము. భారత వైద్య పరిశోధనా మండలి 2020 సిఫారసుల ప్రకారం స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అర మిల్లీగ్రాము అందులో రెండు శాతం కూడా కాదు. మిగిలిన ఇనుమును కూడా ఆ ఉప్పు నుండే పొందాలనుకుంటే ఉప్పు వలన రక్తపోటు ముందుగా వస్తుంది. అయోడిన్ చేర్చకుండా అమ్మే అటువంటి ఉప్పును రోజువారీ వంటలో వాడే కుటుంబం పొందే లాభం నామమాత్రం, కోల్పోయేది అయోడిన్.

ఉప్పుతో ఇనుమును అందించే శాస్త్రీయ మార్గం వేరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఇనుము, అయోడిన్ రెండూ కలిపిన ఉప్పును రూపొందించినది. ప్రమాణాల ప్రకారం ఇందులో కిలోకు 850 నుండి 1100 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలి. అంటే 5 గ్రాములకు కనీసం 4.25 మిల్లీగ్రాములు.

నేలలో ఉన్నా అందని జింకు

ఉప్పు తీర్చలేని లోటును తిండిగింజ తీర్చాలి. గింజలోని ఖనిజం నేల నుండి వస్తుంది. నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూ నది పరీవాహకంలో విస్తరించిన నల్లరేగడి భూములు ఈ ప్రాంతపు సంపద. కె.సి. కాలువ, తెలుగుగంగ ఆయకట్టులలో వరి, మెట్టలో శనగ, జొన్న, ప్రత్తి ఇక్కడి ప్రధాన పంటలు. ఈ నేలలలో ఉదజని సూచిక సాధారణంగా 8కి పైగా ఉంటుంది. సున్నం పాలు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. ఈ మూడు లక్షణాలూ కలిసినచోట జింకు, ఇనుము నేలలో ఉన్నప్పటికీ వేరుకు అందని రూపంలోకి మారిపోతాయి. వరిమడిలో నీరు నిలువ ఉన్నప్పుడు బైకార్బనేట్లు పెరిగి, జింకు కరగని సమ్మేళనాలుగా మారి, లోపం మరింత తీవ్రమవుతుంది. ప్రతి పంటకూ డి.ఎ.పి. వేసే పొలాలలో పేరుకున్న భాస్వరం కూడా జింకు లభ్యతను తగ్గిస్తుంది.

వరిలో జింకు లోపాన్ని మన దేశంలో మొదట గుర్తించినది 1966లో, పంత్‌నగర్‌లో, ఆచార్య వై.ఎల్. నెనె. అప్పటివరకు ‘ఖైరా’ అనే తెగులుగా భావించినది నిజానికి పోషక లోపమని ఆయన నిరూపించారు. నాటిన 2 నుండి 6 వారాలలో ఆకు మధ్య ఈనె మొదలు దగ్గర పాలిపోవడం, ముదురాకులపై ఇటుక రంగు మచ్చలు రావడం, యూరియా వేసినా పైరు పచ్చబడకపోవడం దీని లక్షణాలు. ఆ తరువాత కొన్ని దశాబ్దాలలో దేశవ్యాప్తంగా పరీక్షించిన నేల నమూనాలలో 36 శాతానికి పైగా జింకు లోపం కనిపించినది.

విచిత్రమేమిటంటే, మనిషిలో జింకు లోపం గుర్తింపు కూడా ఇదే కాలానిది. 1961లో ఇరాన్‌లో ఎదుగుదల ఆగిపోయిన యువకులను పరీక్షించిన భారతీయ సంతతి వైద్యుడు డాక్టర్ ఆనంద ప్రసాద్ వారి దుస్థితికి జింకు లోపం కారణం కావచ్చునని ప్రతిపాదించారు. తరువాత ఈజిప్టులో జరిపిన పరిశోధనలలో దానిని నిర్ధారించారు. వారి ఆహారంలో అధిక భాగం గోధుమ రొట్టె. పైరు గిడసబారడానికి, పిల్లవాడు గిడసబారడానికి ఒకే ఖనిజం కారణం కాగలదని ఆ దశాబ్దం వెల్లడించినది.

గింజలోకి చేరేదెంత?

ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయడం ఆనవాయితీ. 21 శాతం జింకు గల సల్ఫేటు అయితే అందులో జింకు 4.2 కిలోలు. ఎకరాకు 25 క్వింటాళ్ల ధాన్యం, కిలో ధాన్యంలో 20 మిల్లీగ్రాముల జింకు అని లెక్కిస్తే పొలం దాటి గింజలో వెళ్లేది కేవలం 50 గ్రాములు. మిగిలినదానిలో ఎక్కువ భాగం నేలలోనే ఉండి తరువాతి పంటలకు కొంత ఉపయోగపడుతుంది. నేలలో వేసిన జింకు దిగుబడిని కాపాడుతుంది గాని గింజలో జింకు శాతాన్ని పెద్దగా పెంచదు.

గింజను సంపన్నం చేయడానికి ఆకులపై పిచికారి మేలు. భారత్, చైనా, థాయిలాండ్, లావోస్, టర్కీ దేశాలలో జరిపి 2012లో ప్రచురించిన పరీక్షలలో పూత, పాలుపోసుకొనే దశలలో 0.5 శాతం జింకు సల్ఫేటు ద్రావణం పిచికారి చేసినప్పుడు ముడి బియ్యంలో జింకు సుమారు నాలుగో వంతు పెరిగినది.

రెండవ మార్గం రకం ఎంపిక. సాంబ మసూరి వంటి జనాదరణ పొందిన రకాల పాలిష్ బియ్యంలో కిలోకు 12 నుండి 16 మిల్లీగ్రాముల జింకు ఉంటుంది. 2016లో విడుదలైన డి.ఆర్.ఆర్. ధాన్ 45 రకంలో ఇది 22.6 మిల్లీగ్రాములు. రోజుకు 400 గ్రాముల బియ్యం తినే వ్యక్తికి 14 మిల్లీగ్రాముల రకం నుండి 5.6 మిల్లీగ్రాములు, ధాన్ 45 నుండి 9 మిల్లీగ్రాములు అందుతుంది. పురుషునికి కావలసినది 17 మిల్లీగ్రాములు. బియ్యం మార్చినంత మాత్రాన లోటు పూర్తిగా తీరదు, కాని మూడున్నర మిల్లీగ్రాములు రోజూ అదనపు ఖర్చు లేకుండా కంచంలోకి వస్తాయి. అయితే ‘కర్నూలు సోనా’ పేరుతో సన్నబియ్యానికి మంచి ధర పొందుతున్న ఈ ప్రాంతపు రైతు, గింజ నాణ్యత, మార్కెట్ ధర రాజీపడకుండా ఉంటేనే కొత్త రకాన్ని స్వీకరిస్తాడు. ప్రజనన శాస్త్రజ్ఞుల ముందున్న సవాలు ఇదే.

మూడవ మార్గం ఇక్కడి పాత పంటలే. 1906లో స్థాపితమైన నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నంద్యాల తెల్ల జొన్నలు, సూర్యనంది కొర్ర, ఎన్.బి.ఇ.జి. 49 వంటి శనగ రకాలను అందించినది. పాలిష్ బియ్యంతో పోలిస్తే శనగలు, జొన్నలు, కొర్రలలో ఇనుము, జింకు ఎక్కువ. శనగ పండించి క్వింటాళ్లలో అమ్మే ఇంటిలో, పిల్లల కంచంలో శనగలు వారానికి ఒక్కరోజైనా కనిపించకపోవడం మనం సరిదిద్దుకోవలసిన విషయం.

తిన్నది ఒంటికి పట్టాలంటే

ధాన్యాలు, పప్పులలోని ఫైటిక్ ఆమ్లం ఇనుము, జింకులను పట్టి ఉంచుతుంది. అందువలన శాకాహారంలోని ఇనుములో పదోవంతు కూడా శరీరానికి చేరదు. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వలన ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది. నిమ్మరసం, ఉసిరి, జామ వంటి సి విటమిన్ గలవి భోజనంతో తీసుకుంటే ఇనుము గ్రహణం పెరుగుతుంది. భోజనం చేసిన వెంటనే టీ త్రాగితే తగ్గుతుంది.

చౌక ధరల దుకాణాల ద్వారా ఇచ్చే బలవర్ధక బియ్యంలో 100 గింజలకు ఒకటి చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ చేర్చిన గింజలు కలుపుతారు. కొందరు వాటిని ‘ప్లాస్టిక్ బియ్యం’ అని భావించి ఏరి పారవేస్తున్నారు. అవి బియ్యపు పిండితో తయారైనవే. ఏరివేయకూడదు.

మాత్రలు ఎవరికి?

గర్భిణులకు రోజుకు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం గల మాత్రను 180 రోజులు ఇవ్వడం ప్రభుత్వ కార్యక్రమం. ఆహారంతో అంత త్వరగా పూడ్చలేని లోటు అది. ఆ మాత్రలు మానకూడదు. అతిసారం వచ్చిన పిల్లలకు ఓ.ఆర్.ఎస్.తో పాటు జింకును 10 నుండి 14 రోజులు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లో సిఫారసు చేశాయి. ఇవి ఉచితంగా లభిస్తున్నవి, ఋజువైనవి. పరీక్ష లేకుండా, వైద్య సలహా లేకుండా బలానికని కొనే ఖనిజాల మాత్రలకు ఈ స్థానం లేదు. జింకు మాత్రలు అధిక మోతాదులో వారాల తరబడి వాడితే శరీరంలో రాగి లోపించి, రక్తహీనత, నరాల బలహీనత కలుగుతాయి.

ఒక ఖనిజం మరొకదానిని ఎలా దెబ్బతీస్తుందో చెప్పే ఉదాహరణ మన రాష్ట్ర చరిత్రలోనే ఉన్నది. నాగార్జునసాగర్ పరిసరాలలోని ఫ్లోరైడ్ పీడిత గ్రామాలలో, నిలుచున్నప్పుడు మోకాళ్లు ఒకదానికొకటి తగిలేటట్లు కాళ్లు వంకరపోయిన యువకులను జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు గుర్తించి 1973లో ప్రకటించారు. జలాశయం ఊట వలన నేలలో క్షారత పెరిగి, జొన్నలో మాలిబ్డినం అధికమై, శరీరంలోని రాగి నష్టపోవడం ఫ్లోరైడ్ ప్రభావాన్ని తీవ్రం చేసి ఉంటుందని వారు వివరించారు. నీటి యాజమాన్యం మారితే నేల మారుతుంది, నేల మారితే గింజ, గింజ మారితే ఎముక మారుతుంది. సాగునీరు క్రొత్తగా వస్తున్న ప్రతి ఆయకట్టులోను తాగునీటి ఫ్లోరైడ్‌ను, గింజల ఖనిజాలను కలిపి పరిశీలించవలసిన అవసరాన్ని ఈ అనుభవం తెలుపుతున్నది.

ఆచరణకు సూచనలు

1. నేల పరీక్ష చేయించేటప్పుడు జింకు, ఇనుము, బోరాన్‌లను కూడా కోరాలి.
2. జింకు లోపం గల వరి పొలంలో దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలి. భాస్వరపు ఎరువులతో కలిపి వేయరాదు.
3. పైరులో లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు చొప్పున 5 రోజుల వ్యవధిలో 2–3 సార్లు పిచికారి చేయాలి.
4. ఇనుము లోపంతో లేత ఆకులు తెల్లబడితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారి చేయాలి.
5. పశువుల ఎరువు, పచ్చిరొట్ట తప్పనిసరిగా వాడాలి. సున్నపు నేలలలో జింకు, ఇనుములను వేరుకు అందేటట్లు చేసేది సేంద్రియ పదార్థమే.
6. ఇంటిలో అయోడిన్ ఉప్పునే, రోజుకు ఒక్కొక్కరికి 5 గ్రాములకు మించకుండా, మూత గల డబ్బాలో ఉంచి వాడాలి.
7. మూత్రపిండాల వ్యాధి గలవారు పొటాషియం కలిపిన ‘తక్కువ సోడియం’ ఉప్పును వైద్యుని సలహా లేకుండా వాడరాదు.

పాడి గేదెకు ఖనిజ లవణ మిశ్రమం తూచి పెట్టే రైతు తన నేలకు, తన ఇంటి కంచానికి కూడా అదే శ్రద్ధ చూపితే, ఈ ప్రాంతంలో సూక్ష్మ ఖనిజాల లోటును చాలావరకు పొలంలోనే పూడ్చవచ్చును. ఇందుకు వ్యవసాయ, ఆరోగ్య శాఖల క్షేత్ర సిబ్బంది ఒకే గ్రామంలో నేల ఫలితాలను, రక్తపరీక్షల ఫలితాలను ప్రక్కప్రక్కన ఉంచి చూడడం మొదటి అడుగు కావాలి.