లెక్కలోకొచ్చే ఆఖరి మనిషి

మీకు తెలుసా? క్రాస్ కంట్రీ పరుగులో మొదటి రెండు స్థానాలూ కొట్టేసిన జట్టు కూడా ఓడిపోవచ్చు!

పచ్చికలో, బురదలో, గుట్టలెక్కి దిగుతూ సాగే ఈ పోటీలో ఎన్నో స్థానంలో వస్తే అన్ని పాయింట్లు. అమెరికా స్కూళ్లు, కాలేజీల్లో జట్టుకు ఏడుగురు పరుగెత్తితే, ముందొచ్చిన ఐదుగురి స్థానాలను కూడతారు. మొత్తం ఎవరికి తక్కువుంటే వాళ్లదే గెలుపు. ఒక జట్టువాళ్లు 1, 2, 20, 25, 30 స్థానాల్లో వచ్చారనుకోండి, మొత్తం 78. ఇంకో జట్టులో ఒక్కరికీ పతకం లేదు, కానీ 9 నుంచి 13 దాకా వరసగా వాళ్లే. మొత్తం 55. కప్పు వాళ్లకే! ఆరో, ఏడో మనిషి కూడా ఊరికే పరుగెత్తరు. వాళ్ల పాయింట్లు కలవవు గానీ, ఎదుటి జట్టు ఐదోవాడికంటే ముందు చేరితే అతని స్థానం వెనక్కి పోతుంది.

1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ లెక్క ఎంత కఠినమైందో తేలిపోయింది. అప్పుడు జట్టుకు ముగ్గురి స్థానాలు లెక్క. జులై 12న మండుటెండలో 38 మంది బయల్దేరితే 15 మందే చివరిదాకా వచ్చారు. ఫిన్లాండ్‌కు చెందిన పావో నూర్మి మొదట, విల్లే రిటోలా రెండో స్థానంలో వచ్చారు. కానీ మూడో మనిషి గీత దాటకపోతే ఫిన్లాండ్‌కు జట్టు పతకమే లేదు. హైకీ లీమటైనెన్ పన్నెండోవాడిగా చేరాడు. ముగ్గురు పరుగు పూర్తిచేయని దేశాలవాళ్లను పక్కనపెట్టి లెక్కిస్తే అతనిది ఎనిమిదో స్థానం. ఒకటి, రెండు, ఎనిమిది కలిపి 11. అమెరికాకు 14, ఫ్రాన్స్‌కు 20. మిగిలిన జట్లేవీ లెక్కకే అందలేదు. నూర్మి పేరు ప్రపంచమంతా తెలుసు. ఆ స్వర్ణంలో లీమటైనెన్ వాటా కూడా అంతే గొప్పదని నా నమ్మకం. ఆ పోటీ తర్వాత ఒలింపిక్స్ నుంచి క్రాస్ కంట్రీనే తీసేశారు.

లెక్కలోకొచ్చే ఆఖరి మనిషి స్థానం ఇంత ముఖ్యం కాబట్టే కోచ్‌లు జట్టును గుంపుగా పరుగెత్తమంటారు. అందరికంటే ముందున్నవాడు పది సెకన్లు తగ్గించినా అతని స్థానం మారకపోవచ్చు. మధ్యలో జనం ఒత్తుగా ఉంటారు, అక్కడ ఐదోవాడు అదే పది సెకన్లు జారితే పదిమంది దాటిపోగలరు. చిక్కల్లా ఆరంభంలోనే. కాసేపట్లో దారి సన్నబడుతుందని తెలిస్తే, వెనక ఇరుక్కుపోతామన్న భయంతో అందరూ ఒక్కసారిగా దూసుకుపోతారు. ఆ తొందరకు చివరి కిలోమీటరులో కాళ్లు లాగేస్తాయి. ఎత్తు మీద చదునునేల వేగాన్నే పట్టుకోవాలని చూసినా అంతే. అనుభవమున్నవాళ్లు అక్కడ అడుగు చిన్నది చేస్తారు, పైకి చేరాక మాత్రం ఊపిరి తీసుకోవడానికి ఆగరు. ఎదుటివాడు సడలేది సరిగ్గా అక్కడే కాబట్టి, నాలుగడుగులు అదే ఊపుతో వేస్తే అతన్ని దాటిపోవచ్చు.

మేటి జట్టు కూడా శక్తిని ముందే ఖర్చుచేసేయొచ్చు. 1981లో మాడ్రిడ్‌లో జరిగిన ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీలో ఇథియోపియావాళ్లు చుట్లు తప్పు లెక్కపెట్టారు. ఇదే ఆఖరి చుట్టు అనుకుని శక్తంతా ముందే ధారపోశారు! అమెరికా ఆటగాడు క్రెయిగ్ వర్జిన్ ఆ అవకాశాన్ని వదల్లేదు, వ్యక్తిగత స్వర్ణం అతనిదే. ఇథియోపియా మొహమ్మద్ కెదిర్ రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు. అయినా జట్టు స్వర్ణం ఇథియోపియాకే దక్కింది. అప్పట్లో ఆరుగురి స్థానాలు లెక్క, ఆ ఆరుగురూ గట్టివాళ్లే.

ఇథియోపియా తర్వాత ఆ బలం కెన్యాకు వచ్చింది. 1986 నుంచి 2003 దాకా ప్రపంచ పోటీల పురుషుల సుదీర్ఘ పరుగులో జట్టు టైటిల్ వరసగా 18 సార్లు వాళ్లదే. ఆ ఏళ్లన్నిటా వ్యక్తిగత విజేత కెన్యావాడే అయ్యాడా అంటే, కాదు.