పల్నాడులో ఛాయాగ్రాహకుల వృత్తి సంఘాలు

ఛాయాగ్రాహకుల వృత్తి సంఘం అనగా ఫోటో స్టూడియో యజమానులు, పెళ్ళిళ్ళకు ఫోటోలు, వీడియోలు తీసేవారు, ఆల్బం తయారీదారులు, ల్యాబు పనివారు కలసి తమ వృత్తి ప్రయోజనాల కొరకు ఏర్పరచుకొనే సంస్థ. ఆంధ్రప్రదేశ్‌లో ఇవి ఎక్కువగా పట్టణ, మండల స్థాయిలో ఏర్పడి జిల్లా సంఘాలతో కలసి పనిచేస్తాయి. నరసరావుపేట, మాచర్ల, గురజాల వంటి పట్టణాలలో ఈ వృత్తికి పెళ్ళిళ్ళు, శుభకార్యాలు, గుర్తింపు కార్డుల ఫోటోలే ప్రధాన ఆధారం. కెమెరా మారిన ప్రతిసారీ సంఘం పని కూడా మారుతూ వచ్చింది.

నేపథ్యం

ఈ ప్రాంతపు శిల్పాలకు ఫోటోగ్రఫీతో సంబంధం చాలా పాతది. మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడు లిన్నేయస్ ట్రైప్ 1858లో అమరావతి స్తూపపు శిల్పాలను ఫోటోలు తీశాడు. అయితే ఆయన వాటిని తీసింది అమరావతిలో కాదు, అప్పటికే ఆ రాళ్ళను తరలించిన మద్రాసులో. 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణలో అమరావతి మండలం పల్నాడు జిల్లాలో చేరింది.

స్టూడియో వృత్తి మాత్రం ఇరవయ్యవ శతాబ్దంలోనే పట్టణాలకు విస్తరించింది. 120 రకం ఫిలిం చుట్టపై చతురస్రాకారంలో తీస్తే 12 ఫోటోలు, 35 మి.మీ. చుట్టపై 36 ఫోటోలు మాత్రమే వచ్చేవి. కనుక ప్రతి ఫోటోకూ ఖర్చు లెక్క ఉండేది. చీకటి గదిలో ఫిలిం కడగడం, నెగెటివుపై పెన్సిలుతో ముఖాన్ని సరిదిద్దడం గురువు వద్ద ఏళ్ళ తరబడి నేర్చుకోవలసిన విద్య. అది తెలియనివాడు వృత్తిలోకి రాలేడు. ఈ అడ్డుగోడ ఉన్నంతకాలం సంఘానికి పెద్దగా పని లేదనే చెప్పాలి. 1993లో ఎన్నికల సంఘం ఓటరు ఫోటో గుర్తింపు కార్డులకు ఆదేశించడంతో ఫోటో ప్రతి ఇంటికీ అవసరమైన వస్తువైంది.

డిజిటల్ మార్పు

డిజిటల్ కెమెరాతో చీకటి గది అవసరం పోయింది. ఊటీలోని ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ మూతపడింది. 2012 జనవరిలో అమెరికాలో కొడాక్ దివాలా రక్షణ కోరింది. ఆధార్ నమోదు కేంద్రాలలో 2010 నుండి అక్కడికక్కడే ఫోటో తీయడంతో పాస్‌పోర్టు సైజు ఫోటోల గిరాకీ కొంత తగ్గింది. తరువాత సెల్‌ఫోను రావడంతో పుట్టినరోజు, ఓణీల వేడుక వంటి చిన్న పనులు తగ్గి, పెళ్ళి పనే మిగిలింది. ఆ పనికి మాత్రం ఖర్చు పెరిగింది: రెండు మూడు కెమెరాలు, డ్రోను, ఆల్బం రూపకల్పన. అప్పు చేసి కెమెరా కొన్న యువకుడు ఆ వాయిదాలు కట్టడానికి తక్కువ ధరకు పని ఒప్పుకొంటాడు. ముప్పై ఏళ్ళుగా దుకాణం అద్దె కడుతున్నవాడు ఆ ధరకు చేయలేడు. సంఘాలలో తగవులకు మూలం ఇదే.

ధరలు, చట్టం

ఈ తగవుకు సంఘాలు సాధారణంగా ఆలోచించే పరిష్కారం ఉమ్మడి ధరల పట్టిక. కాని పోటీ చట్టం, 2002లోని 3వ విభాగం ప్రకారం ఒకే వ్యాపారంలోని వారు, వారి సంఘాలు కలసి ధర నిర్ణయించడం పోటీకి హానికరమని భావించబడుతుంది. ఈ విభాగం 2009 మే నుండి అమలులో ఉన్నది. పొరుగూరి ఛాయాగ్రాహకుడు వచ్చి పని చేయరాదని తీర్మానించడం కూడా చట్టం ముందు నిలవదు. అందువలన సంఘం చట్టబద్ధంగా చేయగలిగినవి వేరు: వ్రాతపూర్వక ఒప్పంద పత్రం నమూనా ఇవ్వడం, బయానా, ఆల్బం గడువు విషయాలలో రాజీ కుదర్చడం, కొత్త కెమెరాలపై శిక్షణ ఇప్పించడం. ధరల పట్టిక కంటె ఇవే సభ్యునికి ఎక్కువ ఉపయోగపడతాయి.

ఒప్పంద పత్రం విలువ కాపీహక్కు విషయంలో తెలుస్తుంది. కాపీహక్కు చట్టం, 1957లోని 17వ విభాగం ప్రకారం, ప్రతిఫలం తీసుకొని ఒకరి కోరికపై తీసిన ఫోటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు తీయించుకొన్నవారే. పెళ్ళికూతురి ఫోటోను స్టూడియో ముందు బోర్డుపై పెట్టుకోవడానికి అనుమతి ముందే వ్రాయించుకోవాలి.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు మించిన డ్రోనును వ్యాపారానికి ఎగురవేసేవారికి పైలట్ ధృవపత్రం ఉండాలి. పెళ్ళి ఊరేగింపు చిత్రీకరణ కూడా వ్యాపారమే.

సంక్షేమం

2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్ వేసవి పెళ్ళిళ్ళ కాలంలోనే వచ్చింది. ఆ తరువాత కూడా పెళ్ళికి 50 మందికే అనుమతి ఉండేది. అదే ఏడాది రాష్ట్రంలో మొదలైన జగనన్న చేదోడు పథకం రజకులు, నాయీబ్రాహ్మణులు, దర్జీలకు వర్తించింది, ఛాయాగ్రాహకులకు కాదు. 2023 నాటి కేంద్ర పథకం పి.ఎం. విశ్వకర్మలోని 18 వృత్తులలో కూడా ఫోటోగ్రఫీ లేదు. అసంఘటిత కార్మికునిగా ఈ-శ్రమ్‌లో నమోదుకు అవకాశమున్నది. సభ్యుడు మరణిస్తే కుటుంబానికి చందాలు వేసి ఇవ్వడం సంఘాలలో ఉన్న పాత ఆనవాయితీ.

ఏడుగురు కలిస్తే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 క్రింద సంఘాన్ని నమోదు చేయవచ్చును. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట కేంద్రమైనందున, మాచర్ల, గురజాల సభ్యులు కలెక్టరుకు వినతిపత్రం ఇవ్వడానికి గుంటూరు దాకా వెళ్ళనవసరం లేదు.

ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం

1839 ఆగష్టు 19న ఫ్రాన్సు ప్రభుత్వం డాగురే పద్ధతిని లోకానికి వెల్లడించింది. తెలుగు పట్టణాలలో ఏటా ఆ రోజున సంఘ సభ్యులు డాగురే చిత్రపటానికి పూలమాల వేసి, సీనియర్ ఛాయాగ్రాహకులను సత్కరిస్తారు. రక్తదాన శిబిరాలు కూడా నడుపుతారు.