బి కణాలు తొలగినప్పుడు టి కణాల గతి ఏమిటి?

మన వేములవాడకు పొరుగుననే ఉన్న సిరిసిల్లలో మగ్గాన్ని చూడనివారు అరుదు. పడుగు, పేక కలిసినప్పుడే బట్ట తయారవుతుంది. పేక లేనినాడు పడుగు మగ్గంపై ఉంటుందే కాని బట్ట ఏర్పడదు. మన దేహంలోని రక్షణ వ్యవస్థ కూడా ఇటువంటిదే.

రక్తంలో లింఫోసైట్లు అనే తెల్లకణాలు ఉన్నాయి. వీటిలో ఎముక మజ్జలో పుట్టి అక్కడే పెరిగేవి బి కణాలు. మజ్జలో పుట్టి, రొమ్ము ఎముక వెనుకనున్న థైమస్ గ్రంథిలో పరిణతి చెందేవి టి కణాలు. బి కణాల సంతతి ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. టి కణాలలో కొన్ని, వైరస్ చొరబడిన కణాలను స్వయంగా సంహరిస్తాయి. మరికొన్ని ఇతర కణాలను కార్యోన్ముఖం చేస్తాయి.

ఈ వ్యవస్థ దారితప్పి స్వంత దేహంపైనే దాడి చేసినప్పుడు రుమటాయిడ్ కీళ్లవాతం వంటి వ్యాధులు కలుగుతాయి. బి కణాల పైపొరపై సి.డి.20 అనే గుర్తు ఉంటుంది. ఆ గుర్తును పట్టుకొని ఆ కణాలను నశింపజేసే ఔషధం రిటుక్సిమాబ్. అమెరికాలో దీనికి 1997లో లింఫోమా అనే కాన్సరుకు, 2006లో కీళ్లవాతానికి అనుమతి లభించింది. హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో దీనికి సాటియైన మందును రెడిటక్స్ పేరుతో విడుదల చేయడం మనకు గర్వకారణం.

ప్రతిరక్షకాలు తగ్గడం వల్లనే ఈ మందు మేలు చేస్తుందని తొలుత తోచడం సహజం. కాని ప్రతిరక్షకాలను నిరంతరం స్రవించే ప్లాస్మా కణాలపై సి.డి.20 గుర్తు ఉండదు. కనుక అవి చాలావరకు మిగిలే ఉంటాయి. అయినా వ్యాధి తగ్గుముఖం పడుతున్నది. ఎందుచేత? బి కణాలు ప్రతిరక్షకాలకు మూలం మాత్రమే కావు. అవి శత్రుపదార్థపు తునకలను టి కణాలకు చూపుతాయి. ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేత ద్రవ్యాలతో వాటిని రెచ్చగొడతాయి. బి కణాలు తొలగగానే ఈ ప్రేరణ తగ్గి, టి కణాల ఉద్రేకం కొంత శమిస్తుంది. సి.డి.20 గుర్తును స్వల్పంగా ధరించిన కొద్దిపాటి టి కణాలు కూడా మందుకు లొంగిపోతాయి. తక్కినవి నిలిచే ఉంటాయి.

నిలిచిన టి కణాలు పని చేస్తాయా? ఈ ప్రశ్నకు 2021లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు సమాధానం చూపారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల వ్యాధికి ఇటువంటి మందు పొందుతున్నవారికి కోవిడ్ టీకా ఇవ్వగా, ప్రతిరక్షకాలు బాగా తక్కువగా పుట్టాయి. టి కణాలు మాత్రం స్పందించాయి. అయితే బి కణాలకు తోడ్పడే టి కణాల స్పందన కుంటుపడింది. పేక పోయినా పడుగు తెగలేదన్నమాట!

కావున ఈ చికిత్స పొందేవారు రక్షణ అంతా నశించిందని భయపడనక్కరలేదు. ఏమీ కాదని ఏమరనూ రాదు. చికిత్సకు ముందే హెపటైటిస్-బి పరీక్ష చేయించుకోవాలి. అవసరమైన టీకాలు వైద్యుని సలహాపై కొన్ని వారాల ముందుగానే పొందాలి. చికిత్స తరువాత జ్వరం వస్తే ఉపేక్షించక వైద్యునికి చూపించుకోవాలి. మన ఇళ్లలో, మన వాడలలో ఇటువంటి రోగులు ఉంటే, చదువుకొన్న మనమే ఈ సంగతి వారికి విడమరచి చెప్పవలసి ఉన్నది. విజ్ఞానశాస్త్రం అభ్యసించే విద్యార్థులకు ఇది కనీస ధర్మమని మేము భావిస్తున్నాము.